కొట్టుగదిలోంచి చూసిన పెళ్లి

గౌతమి ఎక్స్‌ప్రెస్ కొవ్వూరు దాటి గోదావరి మీదికి వచ్చేసరికి అప్పుడప్పుడే వెలుగు వస్తోంది. ఎదుటి బెర్తు ఆవిడ పిల్లాడి చేత నీళ్లలోకి రూపాయి బిళ్ల వేయిస్తోంది. నేను హ్యాండ్‌బ్యాగులో మాత్రలు, నల్లద్దాలు ఉన్నాయో లేదో మళ్లీ చూసుకుంటున్నాను. కిటికీలోంచి హేవ్‌లాక్ పాత వంతెన కనిపించింది. 1900 నుంచి 1997 దాకా రైళ్ల మోత మోసి, ఇప్పుడు ఏ పనీ లేకుండా నిలబడి ఉంది. దాన్ని చూస్తే నాకు కొంచెం అసూయ.

నాకున్నది పార్శ్వనొప్పి. డాక్టరు మైగ్రేన్ అంటాడు, మా అమ్మ తలపోటు అంటుంది, అత్తవారి వైపు చుట్టాలు సాకు అంటారు. ఈసారి ఏ సాకూ చెల్లదు. మా ఆయన బాబాయి కూతురి పెళ్లి. ఇంటి కోడలిని, పెళ్లికూతురికి వదినని.

రాజమండ్రి నుంచి అందరూ రావులపాలెం మీదుగా కార్లలో వెళ్లారు. ఆ లారీల హారన్లు భరించలేక, మేమిద్దరం ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి రేవుకి వెళ్లి గోదావరి దాటించే పంటు ఎక్కాం. చుట్టుతిరుగుడే కానీ అరగంట నెమ్మది దొరుకుతుంది. మోటార్‌సైకిళ్లు, అరటిగెలలు, ఒక పాడి గేదె, మేము. ఇంజను డబడబమంటూనే ఉంది, అయినా తలకి ఏమీ కాలేదు. ఒకే చప్పుడు, ఒకే తీరుగా. పైగా గేదె నన్నేమీ అడగలేదు.

ముక్తేశ్వరం దిగి ఊళ్లోకి వెళ్లాక అడగడం మొదలైంది. "ఏమ్మా, ఇంకా ఒక్కడేనా?" "హైదరాబాదులో ఇల్లు కొన్నారా?" "చిక్కిపోయావేంటి?" ఆ అడిగేది ఎవరో, నాకు ఏ వరసో గుర్తు తెచ్చుకుంటూ, నవ్వుతూ, ఎవరికీ నొప్పి తగలకుండా జవాబు చెప్పాలి. నా మటుకు నాకు డీజే కంటే ఈ పని బరువు. పొద్దున్నుంచి పసుపు కుంకుమల పళ్లేలు మోస్తూ అన్నం కూడా తినలేదు. ఆకలి, నిద్రలేమి కలిస్తే నాకు నొప్పి రావడానికి వేరే కారణం అక్కర్లేదు.

ముహూర్తం రాత్రి పదకొండు దాటాక. పందిట్లో ఒక పక్క సన్నాయి, డోలు. ఇంకో పక్క డీజే. మండపం వెనక ఎల్‌ఈడీ తెర, జనరేటర్ పొగ, మల్లెపూలు, ప్రతి చీర మీదా ఒక్కో రకం సెంటు. నల్లద్దాలు పెట్టుకుంటే "మా వదిన హీరోయిన్ అయిపోయింది" అన్నాడొక మరిది. తీసేశాను. ఫోటోగ్రాఫరు "అక్కా, ఇటు చూసి నవ్వండి" అన్న ఆరోసారో ఏడోసారో, చూపులో ఎడమ పక్క ఒక మెరుపు గీత వంకరటింకరగా కదిలింది. అది వచ్చిందంటే నాకు ఇంకో ఇరవై నిమిషాలే టైము. మాత్ర మింగాను. నేను వాడే రకం నెలలో పది రోజులు మించితే ఆ మాత్రే తలనొప్పి తెస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు, అందుకని పిసినారిలా దాచుకుంటాను.

మాత్ర పనిచేసేలోపు చుట్టాలు పనిచేశారు. ఒకావిడ నుదుటికి ఘాటు బామ్ పులిమింది. ఇంకొకావిడ "దిష్టి తగిలింది పిల్లకి" అంటూ ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. ఆ కోరుకి పందిట్లో సగం మంది దగ్గారు. నాకు వాంతి వచ్చినంత పనైంది. ప్రేమతోనే చేశారు, ఏమంటాం!

పెరటి వైపు నడిచి కొబ్బరికాయల కొట్టుగది తలుపు తోశాను.

"తలుపేసి రా అమ్మలూ. లైటు వెయ్యకు."

మా మామగారి మేనత్త. ఎనభై దాటిన మనిషి, అందరికీ మామ్మగారు. తలకి తడిగుడ్డ బిగించి కట్టుకుని గోనెసంచుల మీద కూర్చుని ఉంది.

"మీక్కూడానా మామ్మగారూ?"

"నా పెళ్లినాడే మొదలైంది. అప్పుడు పెట్రోమాక్స్ లైట్లు. బుస్సుమని ఒకటే చప్పుడు. అయిదు రోజుల పెళ్లి తల్లీ!"

"ఎవరికీ చెప్పలేదా?"

"చెబితే భూతవైద్యుణ్ణి పిలుస్తారని చెప్పలేదు. ముట్లుడిగాక చాలావరకు తగ్గిందిలే. ఇప్పుడు ఇలాంటి రోజుల్లోనే."

చాలామంది ఆడవాళ్లకి ఆ వయసు దాటాక తగ్గుతుందని డాక్టరు నాతోనూ అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. మోత ఎంతున్నా, అందరి మెదడూ కాసేపటికి దానికి అలవాటు పడిపోతుందట. మాలాంటివాళ్ల మెదడుకి ఆ అలవాటు సరిగా కాదట. అదే మామ్మగారికి చెబితే, "పనిమంతురాలి బుర్ర, ఏదీ వదిలిపెట్టదు" అంది.

కిటికీ చెక్క సందులోంచి మండపం కనిపిస్తోంది. జీలకర్ర బెల్లం పెడుతున్నారు. మామ్మగారు కిటికీ దగ్గరికి జరిగి చాలాసేపు చూసింది.

"ఆ పిల్ల కళ్లు ఎలా చికిలిస్తోందో చూడు. రెండోచేత్తో కణత నొక్కుకుంటోంది. మా వంశంలో దీనికొచ్చింది."

చూశాను. నిజమే. తెర వెలుగు దాని ముఖం మీదే పడుతోంది. నేను బయటికి వెళ్లి, నవ్వుతూనే, ఆ తెర తిప్పించాను. డీజే అబ్బాయి మాత్రం వినలేదు.

అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తుంటే, పెళ్లికూతురు నా భుజం మీద తల ఆనించి "వదినా, తల పగిలిపోతోంది" అంది చెవిలో. ఆ గోలలో డాక్టరు పేరు చెప్పే వీలెక్కడిది? తర్వాత ఫోన్ చేస్తానన్నాను.

తిరుగు పంటులో ఎండ నీళ్ల మీద పడి కళ్లలోకి కొడుతోంది. చీర కొంగు కప్పుకుని కూర్చున్నాను.

"నీ నల్లద్దాలేవి?" అన్నాడు మా ఆయన.

"మీ చెల్లెలికిచ్చాను."

"పెళ్లిలో చదివింపులు ఇచ్చాం కదా!"

"ఇది నా తరఫున," అన్నాను.