వంటగది తాళం

రాత్రి పదకొండున్నర. ఇల్లంతా పులిహోర వాసన. ఈయన కుర్చీలోనే నిద్రపోయారు, అత్తయ్యగారి అలక ఇంకా తీరలేదు.

అంతా ఆ ఉగాది హాలు వల్లే. అద్దె మొత్తం ముందే కట్టాం. తీరా వెళ్తే వంటగదికి తాళం! ‘అది మీ బుకింగ్‌లో లేదు’ అన్నాడు తాళాల మనిషి, ఫోన్‌లోంచి తలెత్తకుండా. చివరికి పచ్చడికి నీళ్ళు బాత్రూమ్ కుళాయిలో పట్టాం. అత్తయ్యగారు చూడనే చూశారు. ఇక పచ్చడి ముడితే ఒట్టు. ఆరయ్యేసరికి అతను గుమ్మంలో నిలబడి తాళాలగుత్తి గలగలలాడించాడు. పంచాంగ శ్రవణం కన్యారాశి దగ్గర ఆగిపోయింది. నాది తుల. ఈ ఏడాది నా సంగతేమిటో దేవుడికే తెలియాలి.

బస్సులో వస్తుంటే పై అంతస్తు గయానా ఆవిడ గుర్తొచ్చింది (మీకు తెలుసుగా, మిరపకాయ సాస్ ఇస్తుంటుంది). చిన్నప్పుడు లండన్‌లో కింగ్స్ క్రాస్ దగ్గర, గిఫర్డ్ స్ట్రీట్‌లోని కెస్కిడీ సెంటర్‌కి వెళ్ళేదట. పాడుబడిన క్రైస్తవ మిషన్ హాలుని 1971లో ఆస్కర్ అబ్రామ్స్ అనే గయానా ఆర్కిటెక్ట్ తమవాళ్ళ కోసం సెంటర్ చేశాడు. చదువు, నాటకాలు, బొమ్మలు, అన్నీ ఒకే కప్పు కింద. కెస్కిడీ అంటే వాళ్ళ దేశపు పసుపు పొట్ట పిట్ట. చేతిలో చెత్త సంచితో, మెట్ల మీద నిలబడి, దాని కూత కూసి మరీ వినిపించింది. ‘చలికి కోట్లు విప్పేవాళ్ళం కాదు. కానీ టైమైంది వెళ్ళండి అన్నవాళ్ళు లేరు’ అంది. 1978లో జమైకా గాయకుడు బాబ్ మార్లే తన పాట వీడియో తీసింది అక్కడే. ఆ రోజు ఈవిడ జ్వరంతో ఇంట్లో పడుకుందట. ఆ ఉక్రోషం ఇప్పటికీ పోలేదు.

మనమూ ఒక హాలు కొనాల్సిందే అన్నాను బస్సులోనే, కాస్త గట్టిగా. ‘గుడి అంటే చందాలొస్తాయి, హాలంటే ఎవరిస్తారు?’ అన్నారు ఈయన. ఇల్లు చేరేదాకా మాటల్లేవు.

ఇప్పుడు రాస్తుంటే నాకే అంత ధైర్యం చాలడం లేదు. కెస్కిడీ 1990ల మొదట్లో మూతపడింది. తర్వాత అదే భవనం చర్చి అయింది. గోడకి ఫలకం పెట్టిన ఏడాదికే, 2012లో, కాలిపోయింది. అన్నేళ్ళు రోజూ ఆ తలుపు తీసి, బాత్రూములు కడిగి, కరెంటు బిల్లు కట్టిందెవరో! నేనైతే ఇవాళ చిన్నదానికి నిద్రొస్తోందని చెప్పి, కుర్చీలు మడవకముందే జారుకున్నాను. గుమ్మం దాటుతూ వెనక్కి చూస్తే, మడుస్తున్నది ఆ తాళాల మనిషే.

అన్నట్టు, పులిహోర గిన్నె మూత అక్కడే ఉండిపోయింది. అత్తయ్యగారు కాపురానికి తెచ్చుకున్నది. రేపు అతనికే ఫోన్ చేయాలి.