మరచిపోయిన పన, పిడికెడు బియ్యం

బైబిల్లోని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం రైతుకు సూటిగా చెబుతుంది. చేలో ఒక పన, అంటే కోసిన పైరు కట్ట, మరచిపోతే వెనక్కి వెళ్లి తెచ్చుకోవద్దు. ఒలీవ చెట్టును ఒకసారి దులిపాక మళ్లీ కొమ్మలు వెతకొద్దు. మిగిలింది పరదేశికి, తండ్రిలేనివారికి, విధవరాలికి. కారణం 22వ వచనంలోనే ఉంది: నువ్వు ఐగుప్తులో దాసుడివి, గుర్తుంచుకో.

15వ అధ్యాయం ఇంకా ముందుకెళ్తుంది. ఆరేళ్లు పనిచేసిన దాసుణ్ని ఏడో ఏట వట్టి చేతులతో పంపకూడదు. మందలోంచి, కళ్లంలోంచి, ద్రాక్షగానుగలోంచి ఇచ్చి పంపాలి. ఇంట్లో గింజ లేకపోతే మళ్లీ అప్పు, మళ్లీ దాస్యం. లోకం తెలిసిన చట్టమిది.

బేత్లెహేము ఆసామి బోయజు మరీ ఉదారం, తన చేలో పరిగె ఏరుకోవడానికి వచ్చిన మోయాబు విధవరాలు రూతు కోసం పనల్లోంచి కావాలనే కొన్ని పరిగెలు లాగి వదలమన్నాడు. మత్తయి 1:5 ప్రకారం అతని తల్లి రాహాబు, ఇశ్రాయేలీయుల్లో కలిసిన యెరికో స్త్రీ. పరాయిదాని బతుకేమిటో ఆ ఇంటికి తెలుసు మరి!

మన క్రైస్తవ సంఘాల్లో దీనికి దగ్గరది పిడికెడు బియ్యం, లేనివాళ్ల కోసం ఇంట్లో రోజూ తీసిపెట్టేది. ఎసట్లో పోసేముందు కొలిచిన బియ్యంలోంచే పిడికెడు తీసి విడిగా డబ్బాలో వెయ్యాలి. రోజూ మరచిపోయి శనివారం రాత్రి ఒకేసారి నింపితే ఆ జ్ఞాపకం కాస్తా చందా అయిపోతుంది. పాత బియ్యం, కొత్త బియ్యం ఒకే సంచిలో పోయకండి, అన్నం సమంగా ఉడకదు. పురుగు పట్టినవి అసలే వద్దు. తీసుకునేవాళ్ల పేర్లు మైకులో చదవకండి. ఒకప్పుడు అలా చెయ్యి చాచినవాళ్లకే పంపకం అప్పగిస్తే, సంచి చడీచప్పుడు లేకుండా ఇంటికి చేరుస్తారు.