బురుజు మెట్ల మీద

ఆదివారం, డబ్లిన్.

బట్టలు ఉతుక్కుని, వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకుని, పప్పు పొయ్యి మీద నుంచి దించేసరికి పన్నెండు దాటింది. త్వరగా భోంచేసి, సన్నటి జల్లులోనే నడుచుకుంటూ మెరియన్ స్క్వేర్‌లో ఉన్న ఐర్లండ్ నేషనల్ గ్యాలరీకి వెళ్లాను. ఒకే ఒక్క చిత్రాన్ని చూడాలని వెళ్లాను. నీటిరంగులు వెలుతురు తగిలితే వెలిసిపోతాయి కనుక దానిని బీరువా వంటి పెట్టెలో ఉంచి, వారంలో కొద్ది గంటలు మాత్రమే తలుపులు తెరుస్తారు. నేను చేరేసరికి పది పన్నెండు మంది అప్పటికే దాని ముందు నిలబడి ఉన్నారు, ఎవరూ మాట్లాడడం లేదు.

ఫ్రెడరిక్ విలియం బర్టన్ 1864లో గీసిన చిత్రమిది. హెల్లెలిల్, హిల్డెబ్రాండ్ అనే ప్రేమికులు బురుజు లోపలి మెట్ల మీద ఎదురుపడిన క్షణం ఇందులో ఉంది. కొలతకు మూడడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు మాత్రమే. ఇరుకైన రాతి మెట్లు, ముదురు నీలం దుస్తులలో ఆమె, ఇనుప వలయాల కవచం తొడుక్కున్న అతను. ఆమె చేతిని అతను రెండు చేతులతో పొదివి పట్టుకుని, దానికి ముఖం ఆనించి ఉన్నాడు. ఆమె మాత్రం గోడవైపు తిరిగిపోయింది. ఒకరినొకరు చూసుకోని ప్రేమికుల చిత్రాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. చూపులలో చెప్పవలసినదంతా ఆ ఒక్క చేతిలోకి దిగి వచ్చింది. నిలబడిన కొద్దీ, అతను ఆ చేతిని ప్రేమతో పట్టుకున్నాడా, వదలవలసి వస్తుందని తెలిసి పట్టుకున్నాడా అనే ప్రశ్న నన్ను కదలనివ్వలేదు. రెండూ ఒకటేనని ఇంటికి వచ్చాక, ఈ పేజీ రాస్తూ ఉండగా తోస్తోంది.

కథ డెన్మార్క్‌కు చెందిన పాత వీరగాథలోనిది. రాకుమారి హెల్లెలిల్‌కు పన్నెండుగురు అంగరక్షకులు ఉండేవారు. వారిలో ఒకడైన హిల్డెబ్రాండ్‌ను ఆమె ప్రేమించింది. తండ్రికి అది నచ్చక, అతనిని చంపి రమ్మని తన ఏడుగురు కొడుకులను పంపించాడు. పోరులో తాను నేలకొరిగేవరకూ తన పేరు పలకవద్దని హిల్డెబ్రాండ్ ఆమెను కోరాడు. తండ్రీ, ఆరుగురు అన్నదమ్ములూ అతని కత్తికి కూలిపోయాక, కడగొట్టు తమ్ముడినైనా విడిచిపెట్టమని వేడుకుంటూ ఆమె అతని పేరు పెట్టి పిలిచింది. ఆ పిలుపుతో అతను గాయపడి పడిపోయాడు.

ఇక్కడికి వచ్చేసరికి నాకు మా అమ్మమ్మ గుర్తుకు వచ్చింది. ఆమె తాతయ్య పేరు ఎన్నడూ పలికేది కాదు. రేషను కార్డు పనికి వెళ్లినప్పుడు గుమాస్తా భర్త పేరు అడిగితే, నా భుజం తట్టి, “నువ్వు చెప్పమ్మా” అనేది. పేరులో ప్రాణం ఉంటుందనీ, దానిని నాలుక మీదికి తెస్తే మనిషికి కీడు జరుగుతుందనీ ఆమె నిజంగానే నమ్మింది. ఎక్కడి డెన్మార్క్, ఎక్కడి మా ఊరు! అయినా హెల్లెలిల్ పడిన సంకటం మా అమ్మమ్మకు ఒక్క మాటలో అర్థమయ్యేదని నా నమ్మకం.

బర్టన్ ఈ కత్తులనూ, నెత్తురునూ వదిలిపెట్టి, వాటన్నిటికీ ముందున్న నిశ్శబ్దాన్ని ఎంచుకున్నాడు. చిత్రకారుడిగా అతని గొప్పతనమంతా ఆ ఎంపికలోనే ఉందని నేను అనుకుంటాను. నూనెరంగుల జోలికి పోకుండా, సన్నటి కుంచెతో పొర మీద పొర వేస్తూ కవచంలోని వలయాలను ఒక్కొక్కటిగా తీర్చిన ఓపిక దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. 1874లో లండన్ నేషనల్ గ్యాలరీకి డైరెక్టరు అయ్యాక అతను చిత్రాలు వేయడం మానేశాడు. అది చదివినప్పుడు నాకు బాధ కలిగింది.

ఆ గాథను 1855లో ఇంగ్లీషులోకి తెచ్చినవాడు బర్టన్ స్నేహితుడైన విట్లీ స్టోక్స్. డబ్లిన్‌లో పుట్టిన ఈ పండితుడే 1862లో మన దేశానికి వచ్చి, 1877 నుంచి 1882 వరకు వైస్రాయి కౌన్సిల్‌లో న్యాయ సభ్యుడిగా ఉండి, కోర్టులు వ్యాజ్యాలను నడిపే పద్ధతిని చెప్పే 1882 నాటి సివిల్, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లను రూపొందించాడు. అతని చెల్లెలు మార్గరెట్ స్టోక్స్ 1900లో మరణిస్తూ ఈ చిత్రాన్ని గ్యాలరీకి రాసి ఇచ్చింది.

ఈ సంగతి నాన్నకు చెప్పాలని సాయంత్రం వరకు ఆగలేక, గ్యాలరీ మెట్ల మీద నుంచే ఫోను చేశాను. ఆయన ముప్ఫై ఏళ్లు మునసబు కోర్టులో గుమాస్తాగా పనిచేశారు. “మన సి.పి.సి., అదే సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908ది కదమ్మా” అన్నారు మొదట. దానికి ముందు అమలులో ఉన్నది స్టోక్స్ కాలం నాటిదని చెప్పాక కొంతసేపు మౌనంగా ఉండిపోయి, “వాజ్యాలూ జప్తులూ రాసిన చేతితోనే ఈ కథ కూడా రాశాడన్నమాట” అని, ఆ బొమ్మ ఒకసారి పంపించమన్నారు. పంపించాను.

రాత్రి ఆయన నుంచి తిరిగి ఫోను వచ్చింది. బొమ్మను పెద్దది చేసి, కళ్లద్దాలు పెట్టుకుని చూశారట. “కింద మెట్టు మీద తెల్లటి పూరేకులు నలిగిపోయి ఉన్నాయి, చూశావా?” అని అడిగారు. అరగంట సేపు ఆ చేతినే చూస్తూ నిలబడిన నేను కింది మెట్టువైపు కళ్లు దించనేలేదు. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లి చూసి చెబుతానని ఆయనకు మాట ఇచ్చాను.