నీ సెక్షన్‌లో ఎన్ని ఉన్నాయి?

మా డిగ్రీ బ్యాచ్‌లో బీజడ్‌సీ, అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, కావాలని కోరి చేరినవాళ్ళు ఒక్కరూ లేరు. 1989లో చేరిన మేమంతా ఎంసెట్ రాసి, ర్యాంకు చూసుకుని, కొన్నాళ్ళు చుట్టాల కంట పడకుండా తిరిగి, ఆ తరవాత అప్లికేషన్ ఫారం తెచ్చుకున్నవాళ్ళమే. లెక్కలొస్తే ఎంపీసీ, కొట్టు పెట్టుకోవాలంటే బీకాం, డాక్టరీ సీటు రాకపోతే బీజడ్‌సీ. అప్పట్లో ఊరి తీర్పు అది. మా పెదనాన్న అయితే, "బోటనీ అంటే మొక్కలేగా, మన గట్టు మీద లేవూ? దానికి కాలేజీ ఎందుకే?" అన్నాడు. వెటకారానికే అన్నాడు గానీ, మా సిలబస్‌లో చాలా భాగం నిజంగానే గట్టు మీద ఉంది. గట్టు మీద లేనిది కొల్లేట్లో ఉంది.

ఈ కాలేజీ సంచికకి ఏదైనా రాయమని కమిటీవాళ్ళు ఫోన్ చేసినప్పుడు, వార్షికోత్సవాల గురించీ ఎన్నికల గురించీ రాసేవాళ్ళు బోలెడుమంది ఉంటారు, నేను బోటనీ ల్యాబు గురించి రాస్తానన్నాను. పాత బిల్డింగు చివర, సైకిల్ స్టాండు పక్క గది. అయిదారు మైక్రోస్కోపులు ఉండేవి, అన్నీ అద్దం తిప్పుకుని కిటికీ వెలుతురుతో చూసేవే. మబ్బు పడితే ప్రాక్టికల్ క్లాసు థియరీ క్లాసు అయిపోయేది. ఆయిల్ ఇమ్మర్షన్ ఉన్న మంచి మైక్రోస్కోపు ఒకటి బీరువాలో ఉందని తెలుసు. దాన్ని బయటికి తీసేది పరీక్షకి బయటి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చిన రోజునే. కొత్త దుప్పటి చుట్టం వచ్చినప్పుడే పరిచినట్టు!

నేను లంక ఊరి పిల్లని. రేవు దాకా దోనె, అక్కణ్ణించి బస్సు. ఆ సంగతి తెలిశాక బోటనీ మాస్టారు నా పేరు పిలవడం మానేశారు. "ఏం కొల్లేరూ, రేపు కలువకాడలు పట్టుకొస్తావా?" అనేవారు. నీటిమొక్కల పాఠం వచ్చిందంటే కలువ, హైడ్రిల్లా, గుర్రపుడెక్క అన్నీ నా సంచిలోనే రావాలి. బస్సు కండక్టరు ఆ తడిసంచి చూసి రోజూ సణిగేవాడు. కలువకాడ అడ్డంగా కోసి చూస్తే లోపలంతా గాలిగదులే, నీళ్ళు మోసే దారువు మాత్రం ఏదో ఉందంటే ఉంది. చుట్టూ నీళ్ళే ఉన్నదానికి నీళ్ళు మోసుకోవలసిన పనేముంది? చిన్నప్పుడు అదే కాడని విరిచి మెడలో హారం వేసుకున్నదాన్ని. లోపలికి తొంగిచూడాలని మాత్రం ఎన్నడూ తోచలేదు.

పల్చటి ఆకుని సెక్షన్ కొయ్యడం, అంటే మైక్రోస్కోపులో చూడ్డానికి అడ్డంగా పల్చటి పొరలా కొయ్యడం, అంత తేలిక కాదు. చేతిలో నిలవదు, బ్లేడు కింద నలిగిపోతుంది. పెద్ద కాలేజీల్లో బంగాళాదుంప ముక్క మధ్యలో పెట్టి కోసేవారట. మాకు జీలుగు బెండు ఉండేది, బాసికాలు చేస్తారే, అదే. దాన్ని నిలువునా చీల్చి, మధ్యలో గన్నేరాకు ముక్క ఇరికించి, తడి బ్లేడుతో ఒంటి ఊపున లాగాలి. ఇరవై ముక్కలు కోస్తే పనికొచ్చేది ఒకటో రెండో. వాటిని బ్రష్షుతో వాచ్‌గ్లాసులోకి తీసి, సాఫ్రనిన్ అనే ఎర్ర రంగులో ఉంచి, మంచినీళ్ళలో కడిగి, గ్లిజరిన్ చుక్క మీద పెట్టి, గాలిబుడగ రాకుండా సూదితో కవర్‌స్లిప్ దించాలి. అప్పుడు అద్దం తిప్పుకుంటే ఆకు అడుగున గుంటలు, గుంటల్లో వెంట్రుకలు, వాటి చాటున పత్రరంధ్రాలు. నీళ్ళు ఆవిరై పోకుండా దాచుకునే మొక్కల లక్షణం అది.

"మన ఊళ్ళో ఏడాది పొడుగునా తడేగా, దీనికి ఇంత జాగ్రత్త దేనికి సార్?" అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు. మాస్టారికి అలాంటి ప్రశ్న చాలా ఇష్టం. గన్నేరు మధ్యధరా సముద్రం వైపు, ఎండాకాలం ఎండిపోయే వాగుల ఒడ్డున పెరిగే మొక్కనీ, మనం గుడి ముందు పెట్టి రోజూ నీళ్ళు పోసినా అది పాత అలవాటు మానలేదనీ చెప్పారు. ఆ గంటలో సిలబస్ ఒక్క పేజీ కూడా ముందుకి జరగలేదు.

ఇక అటికమామిడి కథ. డిగ్రీలో బోటనీ చదివినవాళ్ళెవరూ దాన్ని మర్చిపోరు. కాండంలో నాళికాపుంజాలు, అంటే నీళ్ళూ ఆహారమూ మోసే గొట్టాల కట్టలు, మామూలు మొక్కల్లో ఉన్నట్టు ఉండవు, మూడు వలయాలుగా ఉంటాయి. నడిమధ్యన పెద్దవి 2, వాటి చుట్టూ 6 నుంచి 14, బయటి వలయంలో 15 నుంచి 20. తెలుగు అకాడమి పుస్తకంలో బొమ్మ చక్కగా ఉండేది. రికార్డులో అందరం ఆ బొమ్మే దించేవాళ్ళం. పుస్తకంలో ఎన్ని ఉంటే అన్ని. సీనియర్ల రికార్డుల్లోనూ అన్నే. తరతరాలుగా మన కాలేజీలో అటికమామిడి ఒకే లెక్క మీద పెరుగుతూ వచ్చిందన్నమాట.

మాస్టారు ఆ రోజు రికార్డులన్నీ మూయించారు. సైకిల్ స్టాండు వెనక నుంచి ఎవరి మొక్క వాళ్ళు పీక్కురమ్మన్నారు. ఎవరి సెక్షన్ వాళ్ళు కోసి, మధ్య వలయంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెప్పమన్నారు. ఒకడు ఎనిమిదన్నాడు, నాకు పదకొండు వచ్చాయి, నా పక్కమ్మాయికి ఏడు. ఎవరిది తప్పో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన ఒక్కొక్కరి మైక్రోస్కోపు దగ్గరికీ వచ్చి తనూ లెక్కపెట్టి, అందరి రికార్డుల్లోనూ సంతకం పెట్టారు. "పుస్తకంలో ఉన్నది పుస్తకం రాసినాయన సెక్షన్. నీ సెక్షన్‌లో ఎన్ని ఉన్నాయి? అది వెయ్యి, చాలు." అంతే, ఇంకేం వ్యాఖ్యానం చేయలేదు. ఆ తరవాత మేం ఏ బొమ్మ గీసినా ఆయన అడిగే ప్రశ్న అదొక్కటే.

జువాలజీ మేడం తీరు వేరు. ఆవిడకి చేతి పని ముఖ్యం. కప్ప ధమనులు బయటపెట్టడం మాలో చాలామందికి చేతకాలేదు. రొయ్య దగ్గర మాత్రం కొల్లేటి పిల్లలం మేమే మొనగాళ్ళం. కాళ్ళూ మీసాలూ లాంటి ఉపాంగాలు 19 జతలు, తలవి 5, ఉరానివి 8, ఉదరానివి 6. ఒక్కొక్కటీ విరగకుండా ఊడదీసి, డ్రాయింగు షీటు మీద వరసగా అంటించాలి. మా అమ్మ ఆ షీటు చూసి, "కూర వండకుండా కాళ్ళన్నీ అట్ట మీద అంటించుకొచ్చావేమే!" అంది.

స్లైడు మీద పెట్టడానికి, మా భాషలో మౌంటింగుకి, అన్నిటికన్నా కష్టమైనది రొయ్య సంతులన కోశం. మీసం మొదట్లో ఉండే చిన్న తిత్తి, అందులో ఇసుక రేణువులు. రొయ్య ఎటు ఒరిగితే రేణువులు అటు జారి లోపలి రోమాలకి తగులుతాయి, అలా దానికి ఏది పైనో ఏది కిందో తెలుస్తుంది. పెంకు విడిచినప్పుడు ఆ ఇసుక కూడా పోతుంది, మళ్ళీ కొత్త ఇసుక పోసుకోవాలి. 1893లో క్రైడ్ల్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త, పెంకు విడిచిన రొయ్యలకి ఇసుకకి బదులు ఇనప రజను అందేలా చేసి, పైన అయస్కాంతం పట్టుకుంటే అవి వెల్లకిలా తిరిగాయట. మేడం ఈ కథ చెబుతూ నల్లబల్ల మీద వెల్లకిలా పడ్డ రొయ్య బొమ్మ వేశారు. పరీక్షలో ఇది ఎప్పుడూ అడగలేదు. నాకు బాగా గుర్తున్న పాఠం మాత్రం ఇదే.

కెమిస్ట్రీ గురించి నేను చెప్పగలిగింది తక్కువ. లవణ విశ్లేషణ, కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొట్టే గ్యాసు, పిపెట్టు నోటితో పీల్చి నాలిక చుర్రుమనడం. ఎంపీసీవాళ్ళు మాకన్నా బాగా చేసేవాళ్ళు, ఒప్పుకుంటాను. టూరు సంగతి కూడా వేరెవరో తప్పకుండా రాస్తారు, బస్సులో పాటలతో సహా. కోరింగ మడ అడవిలో చెట్టు మీదే మొలకెత్తి కిందికి వేలాడే కాయలు చూశాం. బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేళ్ళ మధ్య చెప్పులు పోగొట్టుకున్నవాళ్ళ పేర్లు మాత్రం ఇక్కడ రాయను.

సొంత ఊరు సిలబస్‌లో కనబడితే ఎలా ఉంటుందో వాలిస్‌నేరియా అనే నీటిమొక్క పాఠం రోజు తెలిసింది. మగపూలు నీటి అడుగున తెగి, పైకి తేలి, కొట్టుకుంటూ పోతాయి. ఆడపువ్వు పొడవాటి కాడతో నీటి మీదికి వచ్చి వాటిని అందుకుంటుంది. పని అయ్యాక కాడ చుట్ట చుట్టుకుని కాయని అడుక్కి లాగేసుకుంటుంది. చలికాలం నీళ్ళు తేరుకున్నాక దోనె పక్కన తెల్లటి నలుసులు తేలడం చిన్నప్పటినుంచీ చూస్తున్నదాన్నే. నాన్న తెడ్డుతో వాటిని పక్కకి తోసేసేవాడు. ఆ వారం నేను దోనె ఆపించి నలుసుల్ని దోసిట్లోకి తీసుకుని చూస్తూ కూర్చుంటే, నాన్న విసుక్కోకుండా ఆగాడు. బస్సు మాత్రం ఆగలేదు.

డిగ్రీ అయ్యాక మా బ్యాచ్ ఎటు పోయిందంటే, కొంతమంది బీఈడీ చేసి డీఎస్సీలో టీచర్లయ్యారు, కొంతమంది మెడికల్ రిప్రజెంటేటివ్‌లు. ఒకరిద్దరు వాల్తేరు వెళ్ళి ఎమ్మెస్సీ చేశారు. నాకు పై చదువు కుదరలేదు. అప్పటికే మా చుట్టుపక్కల వరిచేలు చేపల చెరువులవుతున్నాయి. నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో చేరాను, ఇప్పటికీ ఆ పనిలోనే ఉన్నాను. ఈలోగా కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో సర్కారు అందులోని చేపల చెరువుల గట్లు కొట్టించింది. ఆ గొడవలో ఎవరిది న్యాయమో చెప్పడానికి ఈ సంచిక సరిపోదు, మా ఇంట్లోనే రెండు పార్టీలు.

రైతు వచ్చి, "శీలావతికి పేను పట్టిందమ్మా, మందు రాయి" అంటాడు. చేపపేను కంటికి కనిపించే జీవే, ఆర్గులస్ అని మేడం స్లైడులో చూపించింది. రొయ్యకి దూరపు చుట్టమే. ముందు మందు మాట ఎత్తను. "ఎన్ని చేపల్ని చూశావు, ఒక్కోదానికి ఎన్ని ఉన్నాయి?" అని అడుగుతాను. "చాలా" అంటాడు. వల వేయించి, కొన్నిటిని పట్టించి, ఒక్కో చేప మీద లెక్కపెట్టిస్తాను. ఒక్కోసారి మందు అక్కర్లేదని తేలుతుంది. గుడ్లు పెట్టడానికి ఆ పేను చేపని వదిలి గట్టి వస్తువుల మీదికి పోతుంది. అందుకని చెరువులో వెదురు గెడలు పాతించి, గుడ్లు పట్టాక తీయించి ఎండలో పడేయిస్తాను. మందుల కంపెనీవాళ్ళకి నా మీద సదభిప్రాయం లేదు.

మొన్న కాలేజీకి వచ్చినప్పుడు జువాలజీ ల్యాబు చూశాను. జంతువుల్ని కోయడం తగ్గించమని 2011లో, మొత్తం మానేయమని 2014లో యూజీసీ చెప్పాక ట్రేలన్నీ అటకెక్కాయి. కప్పలు బతికిపోయాయి, సంతోషమే. మాలో ఎంతమందిమి వాటి నరాలు సరిగ్గా చూశాం గనక! కానీ రొయ్య విషయం నాకు మింగుడు పడలేదు. ఇంట్లో ఆదివారం కిలో రొయ్యలు ఒలిచే పిల్ల కాలేజీలో దాని ఉపాంగాలు చార్టులో చూసి దించుతోంది. మార్కెట్లో ఎలాగూ కూరకి వచ్చే రొయ్యని మౌంటు చేస్తే ఎవరికి నష్టం? ప్రిన్సిపాల్ గారు రూలు రూలే అన్నారు. ఆయన చెప్పిందీ కాదనలేను.

అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఈ ఏడు ఫైనలియర్ పిల్లల్ని బ్యాచీలుగా మా ల్యాబుకి పంపుతారు. కోయడం ఏమీ ఉండదు. చెరువు నీళ్ళలో తేలే సన్నటి జీవులు, ప్లవకాలు చూస్తారు, రైతులు తెచ్చిన చేపల మీద పేలు లెక్కపెడతారు. రికార్డు పుస్తకమూ హెచ్‌బీ పెన్సిలూ తెచ్చుకోమన్నాను, ఫోన్లో ఫొటో తీసుకుంటే సంతకం పెట్టనని ముందే చెప్పాను. మన బ్యాచ్ టీచర్లలో రిటైరవబోతున్నవాళ్ళు ఎవరైనా వచ్చి నాతో కూర్చుంటే బావుంటుంది. సంతకాలు పెట్టడానికి నాకు ఒక్కదానికీ చెయ్యి నొప్పెడుతుంది.