ముల్లు మాట, ఇంజిన్ మాట

పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతున్న తల్లిదండ్రులకు ఒక చిక్కు తరచూ ఎదురవుతుంది. ఇంట్లో మనం పెద్దల మాటను గౌరవించమంటాము. బడిలో ఉపాధ్యాయులు ఎవరు చెప్పినా సరే ఆధారం అడగమంటారు. ఈ రెండింటికీ వైరం లేదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను, కానీ పిల్లలకు ఆ సంగతి మాటలతో చెప్పి ఒప్పించడం కష్టం. మా పాత కారులో ఉష్ణోగ్రత చూపించే ముల్లు ఒక్కసారిగా ఎర్ర గీత దాకా వెళ్లినప్పుడు మాత్రం ఆ పని కొంత సులువైంది.

డ్రైవింగ్ నేర్చుకుంటున్న మా అమ్మాయి ఆ సమయంలో స్టీరింగ్ దగ్గర ఉంది. ఏసీ ఆపించి, కారును రోడ్డు పక్కన సురక్షితమైన చోట నిలిపించి, ఇంజిన్ ఆపించాను. ఆవిరి రాలేదు, వాసన రాలేదు, ఇంజిన్ శబ్దం మారలేదు. "అమ్మా, మీటరే తప్పు చూపిస్తోంది" అంది. అలా జరిగే వీలుందని ఒప్పుకున్నాను, కానీ తప్పని తేలేవరకు ముల్లు నిజమే చెబుతోందని అనుకోవాలన్నాను. ఇంజిన్ నిజంగా అతిగా వేడెక్కితే అల్యూమినియం సిలిండర్ హెడ్ వంకరపోతుంది, దాని కింద సందు మూసే గాస్కెట్ పాడవుతుంది; అనుమానించి ఆగినందుకు పోయేది కాస్త సమయమే. రేడియేటర్ మూతను కూడా ముట్టుకోనివ్వలేదు. కూలెంట్, అంటే నీరు, గ్లైకాల్ అనే రసాయనం సమపాళ్లలో కలిపిన, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, మామూలు గాలి ఒత్తిడిలో 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, కానీ బిగించిన మూత కింది ఒత్తిడి వల్ల 120 డిగ్రీలు దాటినా ద్రవంగానే ఉంటుంది. వేడి మీద మూత తిప్పితే ఆ ఒత్తిడి పోయి, లోపలిదంతా ఒక్కసారిగా మరిగి ముఖాన చిమ్ముతుంది.

ఆ సాయంత్రం వీడియో కాల్‌లో మా అన్నయ్య వినగానే తేల్చేశాడు: "థర్మోస్టాట్ మూసుకుపోయింది, తీసి పారెయ్యండి, చల్లగా నడుస్తుంది." థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే చిన్న తలుపులాంటిది. అన్నయ్య కార్లతో చాలా ఏళ్లు గడిపినవాడు, మా మేలు కోరేవాడు. అమ్మాయి నా వైపు చూసింది. మామయ్య మాట కొట్టిపారేయవద్దని, అలాగని పరీక్షించకుండా ఏ భాగమూ విప్పవద్దని, ఆయన చెప్పింది నిజమైతే కారులో ఏం కనిపించాలో ముందు ఆలోచించమని చెప్పాను. పెద్దల మాటను నిజంగా గౌరవించడమంటే దాన్ని పరీక్షకు తగినదిగా తీసుకోవడమేనని నా అభిప్రాయం.

మర్నాడు ఉదయం, ఇంజిన్ పూర్తిగా చల్లబడి ఉండగా మొదలుపెట్టాము. ముందు కూలెంట్ మట్టం చూశాము, తగ్గలేదు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు, ఇంజిన్ కంప్యూటర్‌లోని అంకెలు చూపించే స్కానర్ తగిలించి, స్టార్ట్ చేయకముందే అమ్మాయి కూలెంట్ ఉష్ణోగ్రతనూ ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఉష్ణోగ్రతనూ పక్కపక్కనే చదివింది. రాత్రంతా నిలిచిన కారులో ఆ రెండూ దాదాపు ఒకేలా ఉండాలి, అలాగే ఉన్నాయి. స్టార్ట్ చేశాక స్కానర్ అంకె ఎగుడుదిగుళ్లు లేకుండా మెల్లగా పెరిగి 90 డిగ్రీల దగ్గర స్థిరపడింది. థర్మోస్టాట్ ఉండే గూడు మీద నల్ల టేపు అంటించి, తాకకుండానే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను దానిపై గురిపెట్టి చూస్తే అంకె స్కానర్‌కు దగ్గరగానే వచ్చింది. టేపు ఎందుకంటే, మెరిసే లోహం మీద ఆ పరికరం అసలు వేడికన్నా తక్కువ చూపిస్తుంది. అదే పరికరంతో రేడియేటర్ పై గొట్టాన్నీ కింది గొట్టాన్నీ కూడా చూశాము. థర్మోస్టాట్ మూసుకుపోయి ఉంటే కింది గొట్టం చల్లగానే ఉండిపోవాలి. అది కూడా వేడెక్కింది. కారు నిలబెట్టి ఇంజిన్ నడుస్తుండగా వేడి కాస్త పెరగగానే ఫ్యాన్ తిరిగింది, అంకె దిగింది. సరిగ్గా ఆ సమయంలోనే ముల్లు మళ్లీ ఎర్ర గీతకు ఎగిరింది.

"చెప్పాను కదా, మీటరే!" అంది ఉత్సాహంగా. మీటరా, సెన్సరా, తీగా అని అడిగాను. మా కారులో కూలెంట్ వేడిని పసిగట్టే సెన్సర్లు రెండు: మీటర్‌కు ఒకటి, ఇంజిన్ కంప్యూటర్‌కు వేరొకటి. చాలా కొత్త కార్లలో ఒకటే రెండింటికీ పని చేస్తుంది కాబట్టి ఈ తేడా ముందు తెలుసుకోవాలి. వేడి పెరిగేకొద్దీ సెన్సర్ విద్యుత్ నిరోధం తగ్గుతుంది, కనుక మా మీటర్‌కు నిరోధం లేకపోవడమంటే విపరీతమైన వేడి, తీగ తెగడమంటే పూర్తి చల్లదనం. ఆమె సెన్సర్ నుంచి ఆ ఒంటి తీగను ఊడదీసింది. ముల్లు పడిపోవలసింది, పడిపోలేదు. అంటే సెన్సర్ తప్పు లేదు. తీగే దారిలో ఎక్కడో ఇంజిన్ లోహానికి తగులుతోంది, అందుకే మీటర్‌కు నిరోధం లేనట్టు తోస్తోంది. టార్చి పట్టుకుని తీగ వెంటే వెతికితే, ఒక బ్రాకెట్ అంచుకు రాసుకుని పై పూత అరిగిపోయిన చోటు దొరికింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే దీనికి తలకిందులైన పరిస్థితే ఎక్కువ ప్రమాదకరం. కూలెంట్ కారిపోతే సెన్సర్ ద్రవంలో కాకుండా ఖాళీలో ఉండిపోయి, ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు చల్లగా చూపించవచ్చు. హీటర్ నుంచి హఠాత్తుగా చల్లగాలి రావడం దానికొక గుర్తు. నిలబడినప్పుడే వేడెక్కుతుంటే ఫ్యాన్‌ను, వేగంగా వెళ్తున్నప్పుడు వేడెక్కుతుంటే రేడియేటర్‌నూ నీటి పంపునూ అనుమానించాలని కూడా అమ్మాయికి చెప్పాను.

అన్నయ్యకు అమ్మాయే ఫోన్ చేసింది. "మామయ్యా, మీరు చెప్పాక థర్మోస్టాటే ముందు చూశాము. కింది గొట్టం వేడెక్కుతోంది, అంటే తెరుచుకుంటున్నట్టే కదా?" అని అడిగి, తీగ సంగతి వివరించింది. ఆమె తెలుగు మాట వెతుక్కున్న చోట నేను అందించలేదు. ఆయనే ఓపికగా అందించాడు. తన కారులో థర్మోస్టాట్ ఎప్పుడో తీసేశానని ఆయన అన్నప్పుడు, అలా చేస్తే ఇంజిన్ తగినంత వేడెక్కక ఇంధనం ఎక్కువ తాగుతుందని, భాగాలు త్వరగా అరుగుతాయని చెప్పింది. ఆయన కాసేపు వాదించాడు, ఈమె కూడా మర్యాద తప్పకుండా వాదించింది. చివరకు తన కారుకూ స్కానర్ తగిలించి అంకె చెబుతానన్నాడు. మేము అరిగిన చోట కొత్త తొడుగు వేసి, తీగను బ్రాకెట్‌కు దూరంగా కట్టాము. ఇప్పుడు ముల్లూ స్కానరూ ఒకే మాట చెబుతున్నాయి.