మా రేడియో స్టేషన్‌కి ఫార్మాట్ వెతుక్కున్న నాలుగు నెలలు

ప్రోగ్రామింగ్ బాధ్యత నాకు అప్పగించిన రోజే యాజమాన్యం ఒక మాట చెప్పేసింది, నాలుగు నెలల్లో ఫార్మాట్, అంటే స్టేషన్‌లో ఎవరి కోసం ఏం వెయ్యాలన్నది, తేల్చు, ఆ తర్వాత ఏడాదిలో స్టేషన్ తన ఖర్చు తనే సంపాదించుకోవాలి అని. అప్పటికి మా పరిస్థితి ఏంటంటే పొద్దున కొత్త పాటలు, మధ్యాహ్నం పాత పాటలు, సాయంత్రం ఎవరికి తోచిన కబుర్లు వాళ్ళు, రాత్రి నేను ముచ్చటపడి పెట్టుకున్న సాహిత్య కార్యక్రమం. కలగూరగంప. వినేవాళ్ళు లేక కాదు, ఎప్పుడు పెడితే ఏం వస్తుందో వాళ్ళకే తెలీదు, యాడ్ ఇచ్చేవాళ్ళకి అసలే తెలీదు.

మొదటి పది రోజులు ఉత్తినే విన్నాను. నగరంలో ఉన్న మిగతా ఐదు స్టేషన్లనీ పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా, పక్కన నోట్‌బుక్ పెట్టుకుని. గంటలో ఎన్ని పాటలు, ఎన్ని నిమిషాల యాడ్స్, ఆర్జే లింక్ (పాటల మధ్య మాట్లాడే ముక్క) ఎంతసేపు, ఏ పాట ఎన్ని గంటలకి మళ్ళీ వచ్చింది, యాడ్స్ ఎవరివి. ఆ చివరిది ఊరికే రాసుకున్నాను గానీ తర్వాత అన్నిటికన్నా అదే పనికొచ్చింది. ఐదింటిలో మూడు దాదాపు ఒకటే, అన్నీ కొత్త హిట్ పాటలు. నాకు వెంటనే వచ్చిన ఆలోచన, సిగ్గుపడకుండా చెబుతున్నా, మనమూ అదే వేద్దాం, ఎక్కువమంది వినేది అదే కదా అని.

మా సేల్స్ మేడమ్ కాగితం తీసి లెక్క వేసి చూపించారు. "నూటికి అరవై మందికి హిట్ పాటలే కావాలనుకో. ఇప్పటికే ముగ్గురు పంచుకుంటున్నారు. నువ్వు నాలుగో వాడివి, సమానంగా పంచినా నీకొచ్చేది పదిహేను. ఇంకెవరూ వెయ్యనిది ఇరవై మందికి నచ్చినా ఆ ఇరవైయ్యీ నీవే." పీటర్ స్టైనర్ అనే ఆర్థికవేత్త రేడియో గురించి సరిగ్గా ఈ లెక్కే 1952లో రాశాడని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. మేడమ్ ఆయన్ని చదవలేదు, ఇరవై ఏళ్ళు యాడ్ స్పాట్లు అమ్మారు అంతే.

ఆవిడే ఇంకొకటి నేర్పించారు, పవర్ రేషియో. ఆదాయంలో మన వాటాని శ్రోతల్లో మన వాటాతో భాగించాలి. ఒకటి దాటితే జనం తక్కువున్నా డబ్బు ఎక్కువ తెస్తున్నట్టు, ఒకటికి తగ్గితే వింటున్నారు గానీ ఎవరూ కొనట్లేదన్నట్టు. వార్తలు, చర్చలు వేసే స్టేషన్లకి ఈ నిష్పత్తి సాధారణంగా బాగుంటుంది. అది వినగానే నేను వార్తల వైపు ఒరిగిపోయాను, రెండు వారాలు అదే పిచ్చి. న్యూయార్క్‌లో డబ్ల్యూఐఎన్‌ఎస్ అనే స్టేషన్ 1965 ఏప్రిల్‌లో పాటలు మానేసి మొత్తం వార్తలకే మారిపోయింది, 'మాకు 22 నిమిషాలివ్వండి, ప్రపంచాన్ని మీకిస్తాం' అనేది ఎన్నో ఏళ్ళు నడిచిన వాళ్ళ నినాదం. నాకు ఆ నినాదంలో ధీమా కనిపించింది, మేడమ్‌కి మాత్రం ఖర్చు కనిపించింది. వార్తలకి వచ్చేవాడు ఇరవై నిమిషాలు విని వెళ్ళిపోతాడు, కాబట్టి రోజూ చాలామంది కొత్తగా వస్తూ ఉండాలి, వాళ్ళ కోసం ఇరవై నాలుగు గంటలూ షిఫ్టుల్లో మనుషులు ఉండాలి. మాకున్నది పద్నాలుగు మంది, అందులో ఇద్దరు ఇంజనీర్లు. అక్కడితో ఆ పిచ్చి వదిలింది.

తర్వాత నేను చేసిన తప్పు, జనాన్ని నేరుగా 'మీకేం కావాలి' అని అడగడం. అందరూ ఒకటే జవాబు, వైవిధ్యం కావాలి, ఎక్కడా వినని పాటలు కావాలి. నిజమే అనుకుని వారం రోజులు సాయంత్రాలు అలాంటివే వేశాం. మెసేజ్‌లు ఆగిపోయాయి. తెలియని పాట రాగానే చెయ్యి బటన్ మీదికి వెళ్తుంది, ఆ సంగతి వాళ్ళు అబద్ధమాడి దాచింది కాదు, వాళ్ళకే తెలీదు.

అందుకే రెండోసారి అడగడం మానేసి వినిపించాం. ఒక హాలు తీసుకుని, అరవై మందిని కూర్చోబెట్టి, మూడు వందల పాటల్లోంచి హుక్‌లు, అంటే వినగానే పాట గుర్తొచ్చే ఏడెనిమిది సెకన్ల ముక్కలు. ప్రతిదానికీ మార్కులు: తెలుసా, నచ్చిందా, విసుగొచ్చిందా. ముక్కలు కత్తిరించడానికే నాకు తొమ్మిది రాత్రులు పట్టింది (పల్లవి ఎక్కడ కొయ్యాలన్న దాని మీద ఆర్జేలు పోట్లాడుకున్నారు). చివరికొచ్చేసరికి మనుషులు అలిసిపోయి అన్నిటికీ తక్కువ వేస్తారని సగం మందికి పాటలు తలకిందుల వరుసలో వినిపించాం. నేను ప్రాణం పెట్టుకున్న పాటకి వచ్చిన మార్కులు ఇక్కడ రాయను.

ఫలితం చూస్తే ముప్ఫై దాటినవాళ్ళకి పదిహేను, ఇరవై ఏళ్ళ కిందటి పాటల మీద మార్కులు గట్టిగా పడ్డాయి, అదీ ఆడా మగా తేడా లేకుండా. నోట్‌బుక్ తీసి చూశాను. మిగతా స్టేషన్లలో కుర్రకారు పాటల మధ్య ఇళ్ళు, బీమా, ఆసుపత్రులు, బడుల యాడ్స్. కొనే వయసు వాళ్ళ కోసం ఇచ్చిన యాడ్స్, ఆ వయసు వాళ్ళకి మాత్రం అక్కడ పాటల్లేవు! ఫార్మాట్ అక్కడే తేలిపోయింది.

ఆ తర్వాత గంట క్లాక్ గీయడం, అంటే గంటలో ఏ నిమిషానికి పాట, ఏ నిమిషానికి యాడ్ అన్న పటం. శ్రోతల లెక్కల్లో ఒక పావుగంటలో కనీసం ఐదు నిమిషాలు వింటే ఆ పావుగంట మొత్తం మన ఖాతాలో పడే పద్ధతి ఉంది, అందుకని యాడ్ బ్రేక్ పావుగంట మారే చోట పడకుండా, అక్కడ పాట నడిచేలా జరిపాం. డ్రైవ్ టైమ్‌లో, అంటే జనం ఆఫీసులకి వెళ్ళొచ్చే వేళల్లో, లింకులు కుదించాం. మళ్ళీ మళ్ళీ వేసే పాటల జాబితాని నాలుగు వందలకి తగ్గించాం, అసలు గొడవ అప్పుడే మొదలైంది. మార్నింగ్ ఆర్జే రోజూ వచ్చి "అన్నా, ఈ పాట నిన్నే వేశాం కదా" అని. 1950ల మొదట్లో అమెరికాలోని ఒమాహాలో టాడ్ స్టార్జ్ అనే రేడియో స్టేషన్ యజమాని జూక్‌బాక్స్ (డబ్బులేస్తే కోరిన పాట వినిపించే పెట్టె) దగ్గర జనం ఉన్నన్ని పాటలూ వదిలేసి మళ్ళీ మళ్ళీ అవే పెట్టుకోవడం చూశాడని, కొన్ని హిట్ పాటలే తిప్పితిప్పి వేసే టాప్ 40 పద్ధతి అలా పుట్టిందని చెబుతారు. ఆ కథ వాడికి కనీసం ఐదుసార్లు చెప్పి ఉంటాను. ఆరోసారి "అన్నా, ఈ కథ కూడా నిన్నే వేశావు" అన్నాడు.

కొత్త ఫార్మాట్ మొదలయ్యాక మొదటి రెండు నెలలు పాత శ్రోతల తిట్లు, కొత్తవాళ్ళ జాడ లేదు, టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. మూడో నెల నుంచి పొద్దుటి స్లాట్లు నిండాయి. పదకొండో నెల జీతాలు స్టేషన్ డబ్బులోంచే ఇచ్చాం.

సాహిత్య కార్యక్రమాన్ని ఆపెయ్యమన్నారు. స్పాన్సర్ దొరికితే ఉంచుకోమన్నారు మేడమ్, నేనే ఆరు చోట్ల తిరిగాను, దొరకలేదు. ఆదివారం రాత్రి పదకొండుకి ఇప్పటికీ వేస్తున్నాను, ఆ గంట లాగ్ షీట్ (ఏం వేశామో రాసే కాగితం) మేడమ్ అడగరు, నేనూ పంపను.