గ్యాస్ లీజు మీద సంతకం పెట్టేదాకా: నా అనుభవం

మేముండేది న్యూయార్క్ రాష్ట్రంలో, బింగమ్‌టన్ దగ్గర. దక్షిణంగా కాసేపు కారులో వెళ్తే పెన్సిల్వేనియా వచ్చేస్తుంది. అక్కడ సస్క్వెహానా కౌంటీలో నేనూ మా బావగారూ కలిసి 70 ఎకరాలు కొన్నాం. ఒకప్పుడు పాడి రైతుది, ఇప్పుడు సగం అడవి. కొన్నప్పుడు గ్యాస్ మాటే లేదు. 2008 వచ్చేసరికి ఎక్కడ నలుగురు కలిసినా మార్సెలస్ షేల్ గురించే. మైలుకి పైన లోతులో ఉన్న నల్లరాయిలో గ్యాస్ ఉందనీ, బోరు కిందికి దించి అక్కణ్ణించి అడ్డంగా తిప్పి, నీళ్లూ ఇసకా కొన్ని రసాయనాలూ కలిపి బాగా ఒత్తిడితో కొడితే రాయి చిట్లి గ్యాస్ పైకొస్తుందనీ, దాన్నే ఫ్రాకింగ్ అంటారనీ చెప్పుకునేవారు.

నాకు నమ్మబుద్ధి కానిది టెక్నాలజీ కాదు, గ్యాస్ మనదేనన్న సంగతి. మాది అమలాపురం వైపు. కోనసీమలో గ్యాస్ ఎవరి పొలం కింద ఉన్నా ప్రభుత్వానిదే, రైతుకి వచ్చేది పైన పోయిన భూమికీ పంటకీ పరిహారం. 1995లో పాశర్లపూడి బావి బ్లోఅవుట్ అయినప్పుడు రెండు నెలలకి పైగా మంట ఆరలేదు, ఆ భయం మాకు మిగిలింది గానీ ఆ గ్యాస్‌లో వాటా ఎవరూ అడగలేదు, అడగొచ్చని కూడా అనుకోలేదు. అమెరికాలో మామూలుగా భూమి ఎవరిదో కింద ఉన్నదీ వాళ్లదే, ముందు ఎవరూ విడదీసి అమ్ముకోకపోతే. ఈ చివరి ముక్క దగ్గరే మా కథ తిరిగింది.

కంపెనీ తరఫున లీజులు రాయించే మనిషిని ల్యాండ్‌మ్యాన్ అంటారు. మా దగ్గరికి వచ్చినాయన మర్యాదస్తుడే. సంతకం పెట్టినందుకు ఎకరాకి ఇంత అని బోనస్, ఐదేళ్ల గడువు, అమ్మిన గ్యాస్ డబ్బులో 12.5 శాతం వాటా, అంటే రాయల్టీ, అన్నాడు, అదేదో పెద్దమనసుతో ఇస్తున్నట్టు. నిజానికి 1979 నుంచి పెన్సిల్వేనియా చట్టం ప్రకారం అంతకంటే తక్కువ రాయడానికే లేదు. "సంతకం పెట్టేద్దామయ్యా, రేపు రేటు పడిపోతే?" అన్నారు బావగారు. ఆయన టెన్షన్ అర్థం లేనిది కాదు, 2008 వేసవిలో 13 డాలర్ల దాకా పోయిన గ్యాస్ ధర 2012 ఏప్రిల్‌కి 2 డాలర్ల కిందికి వచ్చేసింది. అయినా 2011లో లాయర్‌ని పెట్టుకున్నాకే సంతకం చేశాం. చుట్టుపక్కల రైతులు కొందరితో కలిసి పెట్టుకున్నాం కాబట్టి ఫీజు పెద్ద భారం కాలేదు.

లాయర్ మొదట పంపింది మాంట్రోస్‌లోని కోర్టు హౌస్‌కి. మనకి ఈసీ తీసినట్టు ఒక్క కాగితంలో అన్నీ తేలవక్కడ. అమ్మినవాళ్ల పేరు, కొన్నవాళ్ల పేరు పట్టుకుని ఇండెక్సుల్లో వెనక్కి వెనక్కి పోవాలి. అలా వెళ్తే 1950ల నాటి దస్తావేజులో ఒక వాక్యం కనబడింది, అమ్మిన పెద్దమనిషి ఆయిల్, గ్యాస్ హక్కుల్లో సగం తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆయన పోయి ఎన్నాళ్లో అయింది, వారసులు ఏవేవో రాష్ట్రాల్లో ఉన్నారు. ఇల్లూ భూమీ కొనేటప్పుడు చేసే టైటిల్ సెర్చ్‌లో సాధారణంగా నేల కింద ఉన్నవాటి హక్కుల జోలికి పోరట. బోనస్ సగానికి సగం తగ్గిపోయింది. బావగారు రెండ్రోజులు ఫోన్ ఎత్తలేదు.

లీజులో అసలు బేరం బోనస్ గురించి కాదు. మా లాయర్ మూడు విషయాల మీద పట్టుబట్టాడు. రాయల్టీ 15 శాతం, అది కూడా ఖర్చులు కొయ్యకుండా. ఎందుకంటే గ్యాస్‌ని పైపులోకి ఎక్కించడానికైన ఖర్చులు తీసేసి మిగిలినదాని మీదే రాయల్టీ లెక్కకట్టొచ్చని 2010లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టే చెప్పింది, లీజులో అలా కుదరదని రాసుకుంటేనే మనకి రక్షణ. రెండోది, మా నేల మీద రోడ్డూ, బావి తవ్వడానికి చదును చేసే ప్యాడూ వెయ్యడానికి మా అనుమతి ఉండాలి. మూడోది ప్యూ క్లాజ్, అంటే గడువు అయ్యాక ఏ బావి యూనిట్‌లోనూ కలవని భూమి లీజులోంచి బయటికి రావాలన్న షరతు. అది లేకపోతే మన భూమిలో కొంచెం ముక్క ఏదో బావి యూనిట్‌లో (ఒక బావి కోసం కలిపిన పలువురి భూముల్లో) కలిసినా చాలు, గ్యాస్ వస్తున్నన్నాళ్లూ మొత్తం భూమి లీజులోనే ఉండిపోతుంది.

బావి వేస్తారని తెలిశాక నీళ్ల పరీక్ష. 2012 నాటి పెన్సిల్వేనియా చట్టం ప్రకారం బావికి 2,500 అడుగుల లోపు నీళ్లు, బావి పని అయిన ఏడాదిలోగా పాడైతే కంపెనీయే కారణమని ముందే అనుకుంటారు, కాదని వాళ్లు నిరూపించుకోవాలి. అందుకే కంపెనీ వాళ్లే వచ్చి శాంపిల్ తీసుకెళ్తారు. మేము విడిగా గుర్తింపున్న ల్యాబ్‌లో చేయించాం. మా బోరు నీళ్లలో అప్పటికే కొంచెం మీథేన్, అంటే ఆ సహజవాయువులో ముఖ్యమైనదే, ఉంది! కంగారు పడ్డాం గానీ ఈ ప్రాంతంలో అది కొత్త కాదు, మాంట్రోస్ దగ్గర సాల్ట్ స్ప్రింగ్స్ పార్కులో ఊటల్లోంచి ఆ గ్యాస్ బుడగలు వస్తూనే ఉంటాయి. అలాగని ఇదే కౌంటీలో, గ్యాస్ బావులు వచ్చాక బోర్లలోకి మీథేన్ చేరిన డిమాక్ ఊళ్లో జనం పడ్డ నీళ్ల అవస్థ చిన్నదని కాదు, మాకు అక్కడివాళ్లు తెలుసు. ముందు ఎంత ఉందో కాగితం మీద లేకపోతే తర్వాత ఏదీ తేలదు.

ఇక డబ్బు. 640 ఎకరాల యూనిట్‌లో మా భూమి 12 ఎకరాలే కలిసింది. అందులో హక్కు సగం, దాని మీద 15 శాతం. అంటే వెయ్యి డాలర్ల గ్యాస్ అమ్మితే మాకు దాదాపు 1 డాలరు 40 సెంట్లు. మొదటి చెక్కుతో వచ్చిన కాగితంలో ఖర్చులు కోసేశారు కూడా, లీజు కాపీ జతచేసి లాయర్ ఉత్తరం రాస్తే సరిచేశారు. ఉత్పత్తి మొదటి ఏడాది తర్వాత దిగిపోతుంది, చెక్కు దానితోపాటే దిగింది.

మా బింగమ్‌టన్ స్నేహితులకి అదీ లేదు. రాయి అదే, సరిహద్దు దాటి ఇటు ఉందంతే. 2008 నుంచి ఎదురుచూస్తే 2014 డిసెంబర్‌లో న్యూయార్క్ ప్రభుత్వం ఫ్రాకింగ్ కుదరదని చెప్పేసింది. నీళ్లు పాడవ్వవని సంబరపడ్డవాళ్లూ ఉన్నారు, ఆ డబ్బు మీద ఆశతో పొలం అమ్మకుండా ఆగినవాళ్లూ ఉన్నారు.

గడువు అయిపోయాక ప్యూ క్లాజ్ వల్ల మిగతా 58 ఎకరాలు లీజులోంచి బయటికొచ్చాయి. ఇప్పుడు వాటికి మళ్లీ అడుగుతున్నారు. బోనస్ పాతదానికంటే బాగా తక్కువ, ఆ క్లాజు తీసేస్తే ఇంకాస్త కలుపుతామన్నారు. ఈసారి నాకంటే ముందు బావగారే కుదరదన్నారు. వాళ్లింకా జవాబు చెప్పలేదు.